పట్నం అని పేరున్న ప్రతిదీ రేవు కాదు: చెన్నై నుంచి విశాఖకు తెరచాప పడవలో వెళ్తే ఎక్కడ ఆగాలి?

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పట్టడం నేర్చుకున్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఆ బుద్ధుడి చుట్టూ తిరగడం విసుగు పుడుతుంది. అప్పుడు కళ్ళు సముద్రం మీద పడతాయి. మ్యాపు తీసి చెన్నై నుంచి విశాఖ దాకా వేలు జరుపుతూ పోతే కృష్ణపట్నం, రామాయపట్నం, నిజాంపట్నం, మచిలీపట్నం, ఇంకా పైకి వెళ్తే భీమునిపట్నం, కళింగపట్నం. ఇన్ని రేవులుంటే భయమేముంది, పగలు నడుపుకుని రాత్రికి ఏదో ఒక పట్నంలో పడుకోవచ్చు కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

ఆ పేర్లన్నీ వేరే కాలానివి. అప్పట్లో ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకునీ మనుషుల్నీ కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసులా పడవలు కెరటాల మీదుగా ఒడ్డుకి చేర్చేవి. అంటే రేవు అనే మాటకి అర్థం ఓడ లోపలికి వచ్చి కట్టుకునే చోటని కాదు, ఓడ బయట ఆగితే సరుకు దించుకోగలిగే చోటని. మీ పడవకి మసులా పడవ తోడు రాదు. కింద కీల్ (అడుగున నీళ్ళలోకి కత్తిలా దిగి ఉండే భాగం) ఉన్న పడవ లోపలికి వెళ్ళి, నిశ్చింతగా నిలబడగలిగే చోట్లు చెన్నై దాటాక విశాఖ దాకా మూడే అని లెక్కపెట్టుకోండి: కృష్ణపట్నం, కాకినాడ, విశాఖ. మిగతావాటిని ఎలా చూడాలో, ఈ మూడింటికీ మధ్య దూరాన్ని ఎలా పంచుకోవాలో చెప్పడానికే ఇదంతా.

ఇక్కడి లెక్కలకి 32 నుంచి 35 అడుగుల పడవ, నీళ్ళలో 1.8 మీటర్లు మునిగే కీల్, ముగ్గురు నలుగురు మనుషులు అనుకున్నాను. మీ పడవ వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

1. ముందు పడవ సంగతి కాగితం మీద పెట్టండి

మూడు అంకెలు చాలు. పడవ ఎంత లోతు మునుగుతుంది, ఇంజిన్ మీద ఎన్ని గంటలు పోగలదు, సగటు వేగం ఎంత.

వేగం దగ్గరే అందరూ తమను తాము మోసం చేసుకుంటారు. మంచి గాలిలో ఆరు నాట్లు వచ్చిందని ఆరుతో లెక్క కడతారు. (నాట్లు అంటే వరి నాట్లు కావు. గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు, ఒక నాటు.) గాలి పడిపోయే గంటలు, వల తప్పించుకోవడానికి చుట్టు తిరిగే గంటలు, నిద్రమత్తులో తెరచాప సరిచేయని గంటలు అన్నీ కలిపితే నాలుగున్నరకి మించదు. ఎంత త్వరగా వెళ్తామో ఆరుతో, ఎంత ఆలస్యమవుతుందో నాలుగుతో లెక్క కట్టండి. రెండు లెక్కలకీ రేవు పనికొస్తేనే అది మీ రేవు.

2. కాలాన్ని బట్టి దిక్కు, దిక్కుని బట్టి రేవు

మన తీరం వెంబడి నీటి ప్రవాహం ఏడాదికి రెండు దిక్కుల్లో పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి దక్షిణం నుంచి ఉత్తరానికి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ ఉత్తర ప్రవాహం బాగా బలంగా ఉంటుంది. అదే కాలంలో గాలి కూడా దక్షిణం నుంచి వీయడం మొదలవుతుంది. అందుకే చెన్నై నుంచి విశాఖకు వెళ్ళేవాళ్ళకి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా మంచి సమయం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. సముద్రంలో వలలు తగ్గుతాయి, హాయిగా వెళ్ళొచ్చు కదా అనుకుంటారు. నిజమే, కానీ ఆ 61 రోజులూ బోట్లన్నీ హార్బర్‌లో ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. మీకు తాడు విసరడానికి కూడా చోటు దొరకదు. పైగా ఏప్రిల్, మే తుపాన్ల కాలం.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు గురించి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖ మీద హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్. ఆ మూడు నెలల్లో సరదాకి పడవ తీయమని నేనెవరికీ సలహా చెప్పను.

కాలం తెలిశాక ప్రతి రేవునీ అడగాల్సిన మొదటి ప్రశ్న, నువ్వు ఏ గాలికి మంచిదానివి? ఈశాన్య గాలికి కాపు కాసే చోటు దక్షిణ గాలికి కాయకపోవచ్చు. అన్ని గాలులకీ మంచి రేవు అనేది ఉండదు, ఈ గాలికి మంచి రేవు అనేదే ఉంటుంది.

3. రేవుల్ని మూడు గంపల్లో వేయండి

పెద్ద కాగితం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రతి పేరూ రాయండి. ఒక్కోదాన్నీ ఈ మూడింటిలో ఒక గంపలో వేయండి. రాత్రయినా, సముద్రం కాస్త గరుకుగా ఉన్నా లోపలికి వెళ్ళగలిగేవి ఒక గంప. పగలు, పోటు మీద, సముద్రం నెమ్మదిగా ఉంటే మాత్రమే వెళ్ళగలిగేవి రెండో గంప. లోపలికి వెళ్ళకూడనివి, బయట కాసేపు లంగరు వేసుకోగలిగేవి మూడో గంప. ఇప్పుడు మన తీరం మీద ఈ పని చేసి చూద్దాం.

చెన్నై దాటగానే ఎన్నూరు, కాట్టుపల్లి. లోతైన రేవులే, కానీ బొగ్గు ఓడలూ కంటైనర్ ఓడలూ తిరిగే చోటు. బయల్దేరిన మూడు గంటలకే ఆగే పని కూడా లేదు. ఇంజిన్ మొరాయిస్తే తప్ప అటు చూడొద్దు.

పులికాట్ సరస్సు మొగ (నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) మూడో గంపలో కూడా వేయకండి. ఇసుకమేట మీద కెరటాలు విరిగే చోటది.

ఆ తర్వాత శ్రీహరికోట. రేవులు వెతుక్కునేవాళ్ళు మర్చిపోయే విషయం ఒకటుంది ఇక్కడ: రాకెట్ ప్రయోగం ఉన్న రోజు దీనికి ఎదురుగా ఉన్న సముద్రంలో కొంత భాగం మూసేస్తారు. నావికుల హెచ్చరికల్లో అది ముందే వస్తుంది. చెన్నైలో తాళ్ళు విప్పే ముందు ప్రయోగాల తేదీలు చూసుకోండి. ప్రయోగం వాయిదా పడితే మూసివేత కూడా వాయిదా పడుతుంది, మీ ప్లాన్ మీద వచ్చి కూర్చుంటుంది. దాన్ని దాటాక దుగరాజపట్నం ఎదురుగా ఆర్మగాన్ అనే ఇసుకమేట ఒడ్డుకి సమాంతరంగా చాలా దూరం పోతుంది. దానికీ ఒడ్డుకీ మధ్యలోంచి వెళ్తే దారి దగ్గరవుతుందనే ఆశ వద్దు, బయటినుంచే రండి.

కృష్ణపట్నం మొదటి గంప. పెద్ద ఓడల కోసం తవ్విన లోతైన దారి, దీపాల బోయలు (నీళ్ళ మీద తేలుతూ దారి చూపే గుర్తులు), కెరటాల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడలు. రాత్రి వెళ్ళడానికి కూడా దారి స్పష్టంగా ఉంటుంది. కష్టమంతా లోతు దగ్గర కాదు, అనుమతి దగ్గర. చిన్న పడవల కోసం కట్టిన రేవు కాదిది, ముందుగా అడగకుండా వెళ్తే మీకు చోటెక్కడో ఎవరికీ తెలియదు.

కృష్ణపట్నం నుంచి ఉత్తరంగా జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్, రామాయపట్నం వస్తాయి. ఇటీవల కట్టినవీ కడుతున్నవీ కాబట్టి మీ దగ్గరున్న చార్టు (సముద్రపు మ్యాపు) కన్నా అక్కడి గోడలే కొత్తవి కావచ్చు. కొత్త రేవు దగ్గర తవ్వకం ఓడలు, పైపులు, దీపం లేని బోయలు ఉంటాయి. అలాంటి చోటికి మొదటిసారి రాత్రి వెళ్ళేవాడు నా దృష్టిలో ధైర్యవంతుడు కాదు.

నిజాంపట్నం రెండో గంప. కృష్ణా డెల్టాకి పడమటి పక్కన ఉన్న ఈ అఖాతంలో లోతు ఒడ్డు నుంచి చాలా దూరం దాకా మెల్లగా పెరుగుతుంది. హార్బర్ ఉప్పుటేరు లోపల ఉంది. ఏటి మొగలో మేట ఏడాదికోలా ఉంటుంది. మచిలీపట్నం గిలకలదిండి కూడా అలాంటిదే. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వ్యాపారం చేసిన రోజుల్లో కూడా ఓడలు అక్కడ ఒడ్డుకి మైళ్ళ దూరంలోనే ఆగేవి. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు. అది పూర్తయి, దారి తవ్వి, చార్టులోకి ఎక్కితే ఈ గంపలన్నీ మళ్ళీ సర్దుకోవాల్సిందే.

గోదావరి పాయల మొగలు, అంతర్వేది అయినా భైరవపాలెం అయినా, ఊళ్ళు అందమైనవి, మొగలు ప్రమాదమైనవి. మూడో గంప.

కాకినాడ గురించి కాస్త నింపాదిగా చెప్పాలి, ఈ ప్రయాణం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుక తీరానికి ఎదురుగా ఒక పొడవాటి చేయిలా పెరిగి హోప్ ఐలండ్ అయింది. అది సహజంగా ఏర్పడ్డ బ్రేక్‌వాటర్. తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి వచ్చే కెరటాన్ని అది ఆపేస్తుంది కాబట్టి లోపల పెద్ద ఓడలు కూడా లంగరు మీదే నిలబడి బార్జిల్లోంచి బియ్యం ఎక్కించుకుంటాయి. కానీ ఆ చేయికి వేళ్ళు ఉత్తరం వైపు ఉన్నాయి. ప్రవేశం ఉత్తరం నుంచే. దక్షిణం నుంచి వచ్చేవాళ్ళు గోదావరి పాయింట్ అనే కొస చుట్టూ, ఇసుక దిబ్బకి బాగా ఎడంగా తిరిగి, దీవి కొస దాటాక లోపలికి మళ్ళాలి. దగ్గరి దారి చూసుకున్నారా, కీల్ ఇసుకలో పాతుకుంటుంది. లోపలికి వెళ్ళాక కూడా దక్షిణానికి పోయేకొద్దీ బురద, కోరంగి మడ అడవులు. ఉత్తర భాగంలోనే ఉండండి. ఒకప్పుడు ఇక్కడ పెద్ద రేవు కోరంగి. 1839 నవంబరు తుపాను దాన్ని ముంచింది, మిగిలింది గోదావరి ఇసుక పూడ్చింది, రేవు కాకినాడకి జరిగింది. ఆ ఇసుక ఇప్పటికీ పని ఆపలేదు, కాబట్టి పాత చార్టులో లోతు అంకె చూసి ధీమాగా పోకండి. ఫిబ్రవరి, మార్చి దక్షిణ గాలికి కాకినాడ బంగారం. ఈశాన్య గాలి గట్టిగా కొడితే మాత్రం తెరిచిన ఉత్తరం వైపు నుంచి కెరటం లోపలికి వస్తుంది. అందుకే కాకినాడను మొదటి గంపలో వేసి, పక్కన "ఈశాన్యం కాకపోతే" అని రాయండి.

కాకినాడ, విశాఖ మధ్య పెంటకోట, పూడిమడక లాంటి చోట్లు ఒడ్డుమీదికి లాగే ఫైబర్ బోట్లవి. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం, అటు దగ్గరగా పోవద్దు. గంగవరం లోతైన పోర్టు, అది కూడా విశాఖకి పక్కనే కాబట్టి అత్యవసరానికి మాత్రమే.

విశాఖ మొదటి గంప. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీది లైట్‌హౌస్ చాలా దూరం నుంచే కనిపిస్తాయి. ఇసుక తీరం మైళ్ళ తరబడి చూసి చూసి వచ్చినవాడికి ఆ కొండ కనపడితే కలిగే ఆనందం వేరు. బయటి హార్బర్ గోడల లోపల నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. నౌకాదళం, పెద్ద ఓడలు, ఫిషింగ్ హార్బర్ అన్నీ ఒకే వాకిలి వాడుకుంటాయి కాబట్టి పోర్ట్ కంట్రోల్‌తో మాట్లాడకుండా ఆ వాకిలి దగ్గరికి పోకూడదు.

భీమిలి మూడో గంప. గాలి తక్కువున్న రోజు బయట లంగరు వేసుకుని భోజనం చేసి పోవడానికి బాగుంటుంది, పడుకోవడానికి కాదు.

4. మొగని నమ్మే ముందు మూడుచోట్ల అడగండి

రెండో గంపలోని ఏ చోటికైనా వెళ్ళే ఆలోచన ఉంటే చార్టు ఒక్కటీ చాలదు. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు చార్టులూ, ఆటుపోట్ల పట్టికలూ ముఖ్యమే. కానీ ఏటి మొగలో ఇసుక సర్వే కోసం ఆగదు. ఇటీవలి ఉపగ్రహ చిత్రాలు చూడండి. ఒక్కటి కాదు, వేర్వేరు నెలలవి నాలుగైదు. తెల్లటి నురగ గీత ఎక్కడుందో, అది నెలనెలకీ ఎటు జరుగుతోందో తెలుస్తుంది. జరుగుతున్న మొగకి వెళ్ళొద్దు.

ఆపైన ఆ హార్బర్‌లో సరంగుని, అంటే బోటు నడిపేవాణ్ణి, అడగండి. ఎలా అడుగుతున్నారన్నది ముఖ్యం. ఒకసారి నేను ఒక ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే ముందు ఫోన్‌లో "నీళ్ళున్నాయా?" అని అడిగాను. "బాగానే ఉన్నాయి బాబూ, మా బోట్లన్నీ తిరుగుతున్నాయి కదా" అన్నాడాయన. నిజమే చెప్పాడు. మొగలోనే నా పడవ బురదలో కూర్చుంది. పోటు వచ్చేదాకా రెండు గంటలు, పక్క నుంచి పోయే ప్రతి బోటువాడికీ నేనొక వినోదం. తర్వాత జెట్టీ మీద ఆయనే వచ్చి పడవ చుట్టూ చూసి, "కింద ఇంత కత్తి ఉందని చెప్పలేదేంటి బాబూ" అన్నాడు. తప్పు పూర్తిగా నాది.

కాబట్టి ఇలా అడగండి: "మా పడవ నీళ్ళలో ఒక మనిషి ఎత్తు మునుగుతుంది. ఆటు మీద మొగలో గెడ వేస్తే ఎంత దిగుతుంది? ఏ పక్క లోతు? ఏ బోట్లు ఆటు మీద రాలేక బయట ఆగుతున్నాయి?" ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే అన్నిటికన్నా పనికొస్తుంది. పెద్ద మరబోట్లు పోటు కోసం బయట ఎదురుచూస్తున్నాయంటే మీరు కూడా చూడాల్సిందే. ఫైబర్ బోటు వెనకాల మాత్రం ఎప్పుడూ పోవద్దు, మోకాలి లోతులో కూడా అది పోతుంది.

ఇక లెక్క. మన తీరంలో ఆటుపోట్ల తేడా గుజరాత్‌లా, హుగ్లీలా పెద్దది కాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా సుమారు మీటరు నుంచి మీటరున్నర. చార్టులో మొగ లోతు 1.8 మీటర్లు, ఆ గంటకి పోటు ఒక మీటరు అనుకుందాం. మొత్తం 2.8. కీల్ 1.8. కింద ఒక మీటరు మిగిలింది కదా అని సంతోషించకండి. మీటరు ఎత్తు కెరటం వస్తుంటే దాని పల్లంలో పడవ అరమీటరు కిందికి దిగుతుంది. మిగిలింది అరమీటరు. చార్టు గీశాక వేసిన మేట ఎంతో ఎవరికీ తెలియదు. ఈ లెక్కకి నేను వెళ్ళను. నా గీత ఇది: అన్నీ తీసేశాక మీటరు మిగలాలి, మొగలో కెరటం విరగకూడదు.

గాలి లేని రోజున కూడా మొగలో కెరటం విరగొచ్చు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి కెరటం వేల మైళ్ళు ప్రయాణించి మన ఒడ్డుకి వస్తుంది. లోతు నీళ్ళలో అది పడవని మెల్లగా లేపి దించుతుంది, ఉనికే తెలియదు. మేట మీదికి రాగానే ఒక్కసారి లేచి గోడలా పడుతుంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇచ్చే సముద్ర సూచనలో కెరటం ఎత్తుతో పాటు, ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు అనేది కూడా ఉంటుంది. అందరూ ఎత్తు చూసి వదిలేస్తారు. సెకన్లు చూడండి. పన్నెండు దాటితే రెండో గంపని ఆ రోజుకి మర్చిపోండి.

5. గడియారాన్ని వెనక్కి తిప్పి బయల్దేరండి

ఎప్పుడు బయల్దేరాలి అని కాదు, ఎప్పుడు చేరాలి అని మొదలుపెట్టాలి. తూర్పు తీరంలో చేరడానికి మంచి వేళ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు. లోపలికి పడమటి ముఖంగా వెళ్తాం కాబట్టి పొద్దున సూర్యుడు వీపు మీద ఉంటాడు, నీళ్ళ రంగు, బోయలు, వలలకి కట్టిన తేలికలు అన్నీ కనిపిస్తాయి. సాయంత్రం అదే సూర్యుడు కళ్ళలోకి కొడతాడు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేచి మొగల్ని రేపుతుంది. తెల్లవారుజామున వేట బోట్ల రద్దీ. వాటన్నిటి మధ్య మిగిలే కిటికీ ఆ రెండు గంటలే. దానికి పోటు చివరి భాగం కూడా కలిసిందంటే అదృష్టం. ఆటు నీళ్ళు బయటికి పరిగెడుతుంటే ఎదురుగా కెరటం వచ్చే వేళ మాత్రం మొగ దగ్గరికి వెళ్ళకూడదు. ఆ రెండూ గుద్దుకుంటే కెరటం నిటారుగా లేస్తుంది.

చెన్నై నుంచి కృష్ణపట్నం, ఆర్మగాన్ బయట నుంచి వస్తే, సుమారు 75 నాటికల్ మైళ్ళు. నాలుగున్నర నాట్లకి 17 గంటలు. సాయంత్రం ఐదుకి బయల్దేరితే పొద్దున పదికి చేరతారు. కాకినాడ నుంచి విశాఖ కూడా దాదాపు అంతే దూరం, అదే టైమింగ్.

మధ్యలో ఉన్నదే పెద్ద ముక్క. కృష్ణపట్నం నుంచి కాకినాడ, కృష్ణా డెల్టా కొసైన దివి పాయింటునీ గోదావరి పాయింటునీ ఎడంగా చుట్టి వస్తే 220 మైళ్ళ పైచిలుకు. నాలుగున్నరకి 50 గంటలు. పొద్దున ఎనిమిదికి తాళ్ళు విప్పితే మూడో రోజు పొద్దున పదికి కాకినాడ. మధ్యలో రెండు రాత్రులు. దీన్ని నిజాంపట్నంలో ఒకటి, మచిలీపట్నంలో ఒకటి ఆగి మూడు ముక్కలు చేద్దామని ప్రతి కొత్తవాడికీ అనిపిస్తుంది. ఆలోచించండి: ఆగిన ప్రతిసారీ ఒక మొగ లోపలికి, అదే మొగ బయటికి. లోతు నీళ్ళలో ఒక రాత్రి మెలకువగా ఉండడం కన్నా ఈ నాలుగు దాటింపులే ఎక్కువ ప్రమాదం. నిద్ర గురించి భయమైతే ఇంకో మనిషిని ఎక్కించుకోండి, రేవుని కాదు.

గాలి బాగా వచ్చి ఆరు నాట్లు నడిచిందనుకోండి, రెండో రోజు రాత్రి తొమ్మిదిన్నరకే కాకినాడ ముంగిట ఉంటారు. తెలియని చోటికి చీకట్లో దూరొద్దు. సాయంత్రమే తెరచాప తగ్గించుకుని మెల్లగా రండి, లేదా ఒడ్డుకి దూరంగా పడవని నిలిపి తెల్లారేదాకా ఉండండి. ఊరి దీపాలు కనిపిస్తుంటే బయట ఆగడం కష్టంగానే ఉంటుంది, వేడి భోజనం మనసులో మెదులుతుంది. ఆగండి.

రాత్రిళ్ళు వలల గురించి ఒక మాట. థర్మోకోల్ ముక్కలే తేలికలు, దీపాలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వల ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇంజిన్ పోయినట్టే, అప్పుడు ఇంజిన్ లేకుండా ఏ రేవులోకి వెళ్ళగలరు అనేది కూడా మీ కాగితం మీద ఉండాలి. కాకినాడ లంగరు చోటుకి తెరచాపతో వెళ్ళొచ్చు. ఇరుకు ఉప్పుటేరులోకి వెళ్ళలేరు. గోదావరి ఎదుట చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాలు కూడా ఉంటాయి. వాటికి 500 మీటర్ల లోపు ఎవరూ పోకూడదు, మీరు ఇంకా ఎడంగా పొండి.

6. ఆగే చోటు కాని చోటు కూడా రాసిపెట్టుకోండి

2017లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి ఆరుగురు మహిళలతో భూగోళం చుట్టడానికి గోవా నుంచి బయల్దేరింది. వాళ్ళలో విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బి. ఐశ్వర్య ఉన్నారు. అనుకున్న మజిలీలు నాలుగు: ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. ఇంటికొచ్చే చివరి దారిలో చుక్కాని వ్యవస్థ దెబ్బతిని, అనుకోని ఐదో మజిలీ మారిషస్ అయింది. నౌకాదళం పడవకే తప్పలేదు.

మీ ప్రతి దశకీ మూడు గీతలు గీసుకోండి. ఈ గీత దాకా వెనక్కి తిరగొచ్చు. ఈ గీత దాటాక ముందుకే. ఈ మధ్యలో ఏదైనా అయితే ఒడ్డుకి కాదు, సముద్రం లోపలికి. మూడో మాట కొత్తవాళ్ళకి మింగుడు పడదు. గాలి రేగితే మనసు ఒడ్డుకి లాగుతుంది. కానీ దివి, గోదావరి పాయింట్ల మధ్య ఒడ్డంటే మేటలే. అక్కడ లోతు నీళ్ళే మీకు దగ్గరి రేవు. తెరచాప కుదించి, పడవని గాలికి నిలిపి, లోతులో ఉండిపోవడం ముందే సాధన చేయండి.

వాతావరణ శాఖ రేవుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్లు టీవీలో వింటూనే ఉంటాం. మూడో నంబరు వస్తేనే మనవాళ్ళు తలెత్తి చూస్తారు. ఒకటో నంబరు అంటే దూరంగా ఎక్కడో అల్పపీడనం బలపడిందని. పెద్ద ఓడకి అది సమాచారం, మీకు మాత్రం ఆజ్ఞ. అది దిగేదాకా కదలొద్దు.

7. అనుమతులు

ఒకప్పటి రేవు మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుపానుకి కొట్టుకొచ్చిన ఓడ మీది సరుకంతా రాజులు లాగేసుకునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన వ్యాపారులకి మాటిచ్చాడు. ఇప్పుడు మీకు కావాల్సిన అభయం ఈమెయిల్‌లో రావాలి, అదీ ముందుగానే.

2008 ముంబై దాడికి వచ్చినవాళ్ళు వాడింది ఒక చేపల బోటు. అప్పటి నుంచి తీరంలో పరాయి పడవ కనిపిస్తే ప్రశ్నలు తప్పవు, తప్పుపట్టాల్సింది కూడా లేదు. ఆగే ప్రతి పోర్టుకీ, కోస్ట్‌గార్డ్‌కీ, మెరైన్ పోలీసుకీ పడవ ఫొటో, రిజిస్ట్రేషన్, మనుషుల గుర్తింపు కాగితాలు, చేరే తేదీ ముందే పంపండి. ఆగే అవకాశం తక్కువైన రేవులకి కూడా పంపండి, అత్యవసరంలో పరిచయం పనికొస్తుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో కోస్ట్‌గార్డ్ స్టేషన్లున్నాయి. ఆపదలో వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్, ఫోన్ అందితే 1554. లైసెన్సు లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో నేరం, విదేశంలో ఉన్న బావమరిది పంపాడని పడవలో పెట్టుకోకండి. విదేశీ జెండా పడవైతే ప్రతి పోర్టులోనూ కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ పనులుంటాయి, ఏజెంటుని పెట్టుకోండి.

8. చేరాక

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వరుసకి ఆనుకుని కట్టాల్సి వస్తే బయటి చివర కట్టండి, మధ్యలో కాదు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి పాకి పదుల బోట్లు కాలిపోయాయి. ఇరుక్కుని ఉన్న బోటు తాళ్ళు విప్పినా కదలదు. పాత టైర్లు నాలుగు వెంట తెచ్చుకోండి, పడవ పక్కలు రాసుకోకుండా వేలాడదీసే మీ తెల్లటి ఫెండర్లు మరబోటు పక్కన ఒక్క రాత్రికే నల్లబడతాయి.

డీజిల్ డబ్బాల్లో తెచ్చుకుంటే గుడ్డతో కాకుండా ఫిల్టర్ గరాటుతో పోయండి. తాగే నీళ్ళు క్యాన్‌లలో కొనుక్కోవడమే సుఖం. కాకినాడలో ఒక రోజు ఎక్కువ ఉండండి, రెండు రాత్రుల నిద్ర బాకీ తీరాలి. కాజాలు కొనుక్కోండి, సముద్రం మీద అవి పాడవకుండా ఉండే రోజుల కన్నా మీ పడవలో మిగిలే రోజులే తక్కువ.

పడుకునే ముందు ఒక పని మిగిలి ఉంది. వచ్చిన దారిలో లోతు కొలిచే మీటరు ఎక్కడ ఎంత చూపించిందో, ఏ గంటకి, ఏ పోటు మీద అన్నది నోటుబుక్కులో రాసి, మరుసటి రోజు జెట్టీ మీద సరంగులకి చూపించండి. వాళ్ళు నవ్వుతారు, తర్వాత మీ పెన్ను తీసుకుని మేట అసలు ఎక్కడుందో గీసిస్తారు.